ధాన్యం కొనేవారికి ఒక పిట్టకథ

రాష్ట్రంలో ధాన్యం కొనుగోలు నిబంధనలు రాసే పెద్దలకు, వాటిని జిల్లాల్లో అమలుచేసే అధికారులకు కోనసీమ నుంచి ఒక వరి రైతు రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా,

ఇంతకుముందు మూడు అర్జీలు పెట్టుకున్నాను. మూడింటికీ రసీదులు ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ లేదు. లోపం నా అర్జీ భాషలోనే ఉందేమోనని అనుమానం వచ్చి, ఈసారి అర్జీ మానేసి పిట్టకథ చెబుదామని కూర్చున్నాను. వెనకటి రోజుల్లో హరికథ వింటూ జనం కునికిపాట్లు పడుతుంటే దాసుగారు కథ ఆపి పిట్టకథ అందుకునేవారు. నిద్రపోయేవాళ్ళను లేపడానికి అంతకు మించిన మందు లేదని మా నాన్నగారు అనేవారు. నా కథలో నిజంగానే ఒక పిట్ట ఉంది. ఏడు సముద్రాల అవతల, మంచు అడవుల్లో ఉంటుంది. బరువు డెబ్బై గ్రాములు. దానికి కొనుగోలు కేంద్రం లేదు, తేమ కొలిచే యంత్రం లేదు, మిల్లరు లేడు. అయినా దాని కష్టం విన్నప్పుడు మా వీధిలో ఎవరో చెప్పుకుంటున్నట్టే అనిపించింది.

2023 సెప్టెంబరులో, సార్వా అంటే మా వానాకాలం వరి నాట్లు కుదురుకుని పై ఎరువులు కూడా వేసేశాక, పొలం తమ్ముడికి అప్పగించి నేనూ మా ఇంటావిడా కెనడాలో ఉన్న అబ్బాయి దగ్గరికి వెళ్ళాం. వాళ్ళు ఉండేది ఒట్టావాలో. అక్టోబరు మొదటి వారంలో ఒకరోజు అల్గోంక్విన్ అడవి చూపిస్తానని కారులో తీసుకెళ్ళాడు. మూడు గంటల దారి. 1893లో ఏర్పాటైన పార్కు అది. 7,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన పాత తూర్పు గోదావరి జిల్లాలో మూడింట రెండు వంతుల అడవి అనుకోండి.

కోడలు పులిహోర కలిపి తెచ్చింది. గోదావరి వాళ్ళు ఎక్కడికి బయలుదేరినా ముందు పులిహోర బయలుదేరుతుంది. చెక్కబల్ల మీద పళ్ళేలు సర్దామో లేదో, ఎటు నుంచి వచ్చిందో తెలియదు, రెక్కల చప్పుడు కూడా లేకుండా ఒక బూడిదరంగు పిట్ట జారుతూ వచ్చి బల్ల చివర వాలింది. గోరువంక కంటే పెద్దది, మన కాకి కంటే చిన్నది. నుదురు తెలుపు, మెడ వెనక నలుపు, ఒళ్ళంతా దూది కూరినట్టు ఉబ్బుగా ఉంది. ఏడేళ్ళ మా మనవరాలు అరచెయ్యి చాచింది. అంతే, ఎగిరి ఆ చేతిమీద కూర్చుంది! అడవిపిట్ట మనిషి చేతిమీద అంత ధీమాగా కూర్చోవడం నా అరవై రెండేళ్ళలో అదే మొదటిసారి చూడటం. మనవరాలి చేతిలో ఉన్నది పులిహోర. పిట్ట అన్నం జోలికి పోలేదు. వేరుశనగ పలుకులు మాత్రం ఒకటి, రెండు, మూడు ఏరి గొంతులో కుక్కుకుని వెళ్ళిపోయింది. పులిహోరలో పలుకులు ఏరుకుని తినేవాళ్ళు మా ఇంట్లోనే నలుగురున్నారు కాబట్టి దాన్ని తప్పుపట్టలేకపోయాం.

చేలో కొంగల్ని, గట్టున గువ్వల్ని చూస్తూ పెరిగినవాణ్ణి. ఎగిరిన పిట్ట ఎక్కడ వాలిందో చూడకుండా ఉండలేను. అది కాస్త దూరంలో ఒక స్ప్రూస్ చెట్టు మీద వాలింది. సూదుల్లాంటి ఆకులతో, చూపుకి మన సరుగుడు తోటను గుర్తుచేసే చెట్టు అది. పిట్ట పలుకుల్ని తినలేదు. గొంతులోంచి మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని, కాసేపు అటూ ఇటూ దొర్లించి, బెరడు పగులులోకి దూర్చింది. పైన ఒక పాకుడు ముక్క లాగి కప్పింది. రెండు నిమిషాల్లో తిరిగి మనవరాలి చేతిమీద హాజరు. ఈసారి పలుకులు వేరే చెట్టుకు వెళ్ళాయి. మూడోసారి ఇంకో చెట్టుకు. మా కోడలి పులిహోరలో చివరికి పోపు మిరపకాయలే మిగిలాయి.

దాని పేరు కెనడా జే. కాకి కుటుంబానికి చెందినదే. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, చేతివాటం చూస్తేనే తెలుస్తుంది. 1957లో అమెరికా పక్షి పండితులు దాని పేరు గ్రే జే అని మార్చి, 2018లో మళ్ళీ పాత పేరే ఇచ్చేశారు. ఆ నేల మీద ముందునుంచీ ఉన్న క్రీ ప్రజలు తమ కథల్లోని మాయలమారి విసకెజాక్ పేరుతో దాన్ని పిలిచేవారు. తెల్లవాళ్ళ నోట్లో పడి అది విస్కీ జాక్ అయింది. మా బావమరిదికి ఈ కథంతా చెబితే ఆ ఒక్క పేరే గుర్తుపెట్టుకున్నాడు. దీన్ని జాతీయ పక్షిగా ప్రకటించమని 2016లో అక్కడి రాయల్ కెనడియన్ జియోగ్రాఫికల్ సొసైటీ ప్రతిపాదించింది. జనం వేసిన ఓట్లలో దీనిది మూడో స్థానమే అయినా, కెనడా చలికాలాన్ని వదిలి ఎటూ వలసపోని పిట్ట అని మొగ్గు చూపారట. ప్రభుత్వం మాత్రం ఆమోదించలేదు. అర్జీలకు జవాబు రాకపోవడం ఒక్క మన దగ్గరే కాదని నాకు కొంత ఊరట కలిగింది.

తెలుగులో దీనిపేరేమిటి తాతయ్యా అని మనవరాలు అడిగింది. మంచు తెలియని భాషలో మంచుపిట్టకు పేరెందుకుంటుంది? అక్కడికక్కడే నేనే పెట్టాను, గాదెపిట్ట అని. మొదట పాతరపిట్ట అందామనుకున్నాను గాని, పాతర మెట్టప్రాంతం వాళ్ళ మాట. మా డెల్టాలో రెండు మూరలు తవ్వితే నీరు ఊరుతుంది. అందులో ధాన్యం పాతరేస్తే తేలేది నారుమడే. మావి గాదెలు, పురులు. ఇకపై గాదెపిట్ట అనే రాస్తాను, మన్నించండి.

ఈ పిట్ట నోటిలో లాలాజల గ్రంథులు ఈ పనికోసమే పెంచుకున్నట్టు పెద్దవిగా ఉంటాయి. ఉమ్మి జిగురులా పట్టుకుంటుంది. దొరికిన తిండిని ఆ జిగురుతో చిన్న ముద్ద చేసి చెట్టుకు అంటిస్తుంది. నేలమీద పెడితే మంచు కింద పూడిపోతుంది, అందుకని అంతా చెట్టుమీదే. అడవిపళ్ళు, పుట్టగొడుగులు, పురుగులు, వేటజంతువులు వదిలిన మాంసం, మన పులిహోరలో పలుకులు, ఏదీ దానికి అంటు కాదు. దినమంతా శ్రమిస్తే ఒక్కరోజులో వెయ్యి చోట్ల వరకు దాచగలదని అలాస్కాలో లెక్క కట్టినవారు చెప్పారు. వెయ్యి ముద్దలు, వెయ్యి చోట్లు. తర్వాత నెలల తరబడి వాటిని వెతికి పట్టుకోవాలి, పట్టుకుంటుంది కూడా. నేను ఉదయం పెట్టిన కళ్ళజోడు సాయంత్రానికి దొరకదు.

అన్నీ ఒకేచోట ఎందుకు పెట్టదంటే దొంగల భయం. మా నాన్నగారి గాదె ఒక్కటే. దానికింద పందికొక్కు చేరిందంటే ఆ ఏడు తిండిగింజలకు ఎసరు వచ్చినట్టే. పిట్ట లెక్క వేరు, వెయ్యిలో పది పోయినా తొమ్మిదివందల తొంభై ఉంటాయి.

ఇంత ఎందుకు దాస్తుందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. చలికాలం గట్టెక్కడానికి మాత్రమే కాదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో, అడుగుల ఎత్తున మంచు ఉండగానే, సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువన కూడా గుడ్లమీద పొదుగుతుంది. మూడు గుడ్లు మామూలు. మిగతా పక్షుల్లో చాలావరకు దక్షిణాదికి పోయి ఇంకా తిరిగిరాని రోజులవి. అప్పుడు తల్లి తిండికీ, పుట్టిన పిల్లల తిండికీ దాచుకున్నదే చాలావరకు ఆధారం. మే నెలలో అడవంతా పురుగులతో కళకళలాడుతున్నా రెండోసారి గూడు కట్టదు. సార్వా తప్ప దాళ్వా, అంటే రెండో పంట, లేని పిట్ట అన్నమాట. జూన్ వచ్చేసరికి పిల్లల్లో బలమైనది తోడబుట్టినవాటిని తరిమేసి తల్లిదండ్రుల దగ్గర తానొక్కటే ఉండిపోతుంది. తరిమివేతకు గురైనవాటిలో ఎక్కువ భాగం తొలి మంచు చూడకుండానే చచ్చిపోతాయి. అన్నదమ్ముల వాటాల తగాదాల మీద నాకు చెప్పుకోదగ్గ అనుభవం ఉంది గాని, ఈ లేఖలో దానికి చోటు లేదు.

ఈ బతుకంతా నిలబడింది ఒకే నమ్మకం మీద. శరత్తు దాటగానే చలి పడుతుంది, దాచిన ముద్దలు గడ్డకడతాయి, మార్చి దాకా పాడుకావు. అడవంతా ఒక శీతల గిడ్డంగి, కరెంటు బిల్లు లేనిది. ఆ పిట్ట పూర్వీకులు వేల ఏళ్ళుగా ఆ చలిని నమ్ముకునే దాస్తూ వచ్చాయి. చలి మాట తప్పుతుందని వాటికి ఎవరు చెబుతారు?

అల్గోంక్విన్‌లో ఈ పిట్టల కాళ్ళకు రంగు కడియాలు వేసి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి లెక్కలు రాయడం 1960లలో రస్ రట్టర్ అనే ప్రకృతి పరిశీలకుడు మొదలుపెట్టారు. ఆ పని డాన్ స్ట్రిక్‌లాండ్ అందుకున్నారు, దశాబ్దాల పాటు వదలలేదు. ఇప్పుడు గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో రయన్ నోరిస్ బృందం కొనసాగిస్తోంది. మా ఊళ్ళో వాననీటి లెక్క రాసిన కరణంగారి పుస్తకం ఒక తరం కూడా నిలవలేదు, వీళ్ళు పిట్టల జనాభా లెక్క అరవై ఏళ్ళు నిలబెట్టారు. ఆ లెక్కల్లో తేలిందేమిటంటే, 1980ల నుంచి చూస్తే ఆ అడవిలో గాదెపిట్టలు సగానికి పైగా తగ్గిపోయాయి. శరత్కాలం వెచ్చగా ఉన్న ఏడాది తర్వాత గూళ్ళు ఆలస్యమవుతున్నాయి, పిల్లలు తగ్గుతున్నాయి అని 2006లో టామ్ వెయిట్, స్ట్రిక్‌లాండ్ కలిసి ప్రకటించారు. దాచింది కుళ్ళిపోతోంది అన్నది వాళ్ళ అనుమానం. తర్వాత 2021లో వచ్చిన పరిశోధన ఇంకొంచెం లోతుకు వెళ్ళింది. వెచ్చదనం ఒక్కటే కాదు, గడ్డకట్టడం, కరగడం, మళ్ళీ గడ్డకట్టడం, ఈ దోబూచులాట ఎక్కువైన ఏడు గూళ్ళలో పిల్లలు తక్కువట.

ఈ మాటలు అబ్బాయి చదివి వినిపిస్తున్నప్పుడు ఆ అక్టోబరు ఎండకు నేను చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చున్నాను.

ఇక అసలు కథకు వస్తాను. పిట్టకథ పొడుగైందని విసుక్కోకండి, అసలు కథ పొట్టిదే.

నవంబరు రెండో వారానికి ఇంటికి చేరాం. నాలుగెకరాల స్వర్ణ రకం వరి. మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన ఈ ఎంటీయూ 7029 గురించి మీకు నేను చెప్పాలా! పంట బాగుంది. ఎకరానికి ముప్పై బస్తాలకు తగ్గదని తమ్ముడు అన్నాడు. కోత యంత్రానికి వంతు వచ్చేసరికి 29వ తేదీ అయింది. యంత్రం కోసిన గింజ పచ్చిగా ఉంటుంది, నాలుగు మంచి ఎండలు కావాలి. మా ఊళ్ళో ధాన్యం ఆరబోసుకోవడానికి ఉన్నది తారురోడ్డు. ఒకవైపు ఆటోలు, బస్సులు, ఇంకోవైపు మా ధాన్యం. మూడు ఎండలు తగిలాక డిసెంబరు 2న కొనుగోలు కేంద్రానికి పట్టుకెళ్ళి చూపించాను. తేమ 19 శాతం అన్నారు. నిబంధన 17. రెండు ఎండలు తగలనిచ్చి తెమ్మన్నారు. తుఫాను వస్తోందని వాతావరణ శాఖ అప్పటికే చెబుతోంది. కేంద్రంలో కుర్చీకి ఎదురుగా ఉన్న టీవీలో కూడా అదే వార్త. అటు టీవీ, ఇటు మీటరు. మధ్యలో నేను.

3వ తేదీన మబ్బు పట్టింది. మిచాంగ్ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు దూరమే, అయినా వాన వదల్లేదు. బరకాలు కప్పాం, వాటిమీద ఇటుకలు పెట్టాం, గాలికి ఇటుకలతో సహా లేచిపోయాయి. గోనెసంచులు అడిగితే రేపు వస్తాయన్నారు. మురుగు కాలువలో గుర్రపుడెక్క పేరుకుపోయి నీరు లాగలేదు, రోడ్డుమీదకే ఎక్కింది. పై నుంచి పడేది బరకం ఆపుతుంది, కింద నుంచి వచ్చేదాన్ని ఏది ఆపుతుంది? ఇంకా కోయని పక్కవాళ్ళు పడిపోయిన చేలమీద ఐదు శాతం ఉప్పునీళ్ళు కొట్టి మొలకలు ఆపుకున్నారు. నాకు ఆ దారి లేదు.

గింజ ప్రాణమున్న వస్తువు, ఊపిరి తీస్తుంది. తడిసిన రాశి లోపల చెయ్యి పెడితే జ్వరం వచ్చిన పిల్లవాడి ఒళ్ళులా కాలుతుంది. మూడో రోజుకు పులిసిన వాసన వచ్చింది, నాలుగో రోజుకు తెల్లటి మొలక ముక్కు బయటపెట్టింది. నేను రాశి పక్కన గొంతుక్కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదు. తమ్ముడు ఏదో అంటున్నాడు. నా బుర్రలో మాత్రం స్ప్రూస్ చెట్టు బెరడులో ఇరుక్కుని కుళ్ళిపోతున్న పలుకు ఒకటి మెదులుతూ ఉంది.

ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. మా 75 కిలోల బస్తాకు 1,637. నాకు చేతికొచ్చింది అంతకు చాలా తక్కువ. కేంద్రంలో తేమ ఒక అంకె వచ్చింది, అదే లారీ మిల్లు గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఇంకో అంకె అయింది. దారిలో చుక్క వాన లేదు. బస్తాకు ఇన్ని కిలోలు తరుగు తీస్తేనే దించుకుంటామన్నారు. లారీ బాడుగ గంట గంటకూ పెరుగుతుంటే బేరమాడే ఓపిక ఎవరికి ఉంటుంది? తీసుకోమన్నాను.

నాకు పదిహేడు మీద కోపం లేదు. అంతకు మించి తేమ ఉంటే గిడ్డంగిలో ధాన్యం వేడెక్కుతుంది, రంగు మారుతుంది, మర ఆడిస్తే నూక పెరుగుతుంది. అది శాస్త్రం, దానితో వాదించను. నా తగవల్లా, ఆ పదిహేడుకు చేరే బాధ్యత పూర్తిగా ఎండమీదా రైతుమీదా వదిలేయడంతోనే. కార్తీకం చివర్లో ఎండ కాస్తుంది, వాన వెనకబడుతుంది అన్న నమ్మకం మీద మీ నిబంధనలు రాసి ఉన్నాయి. గాదెపిట్ట కూడా అక్టోబరును అలాగే నమ్మింది. అది పిట్ట, దానికి కొత్త నిబంధనలు రాసుకునే వీలు లేదు. మనకు ఉంది.

మరి పిట్టలన్నీ పోయాయా? పోలేదు. ఈ కథలో నన్ను పట్టుకున్న ముక్క ఇదే, మీరు కాస్త నెమ్మదిగా చదవాలని కోరుతున్నాను. ఆ అడవిలో మేపుల్ వంటి ఆకు రాల్చే చెట్లు ఎక్కువున్న చోట్ల గాదెపిట్టల నివాసాలు ఖాళీ అయిపోయాయి. నల్ల స్ప్రూస్ ఎక్కువున్న చోట్ల చాలావరకు నిలబడ్డాయి. ఒకే అడవి, ఒకే వాతావరణం, వెచ్చబడిన అక్టోబరు రెండు చోట్లా ఒకటే. అయినా ఫలితం వేరు. స్ట్రిక్‌లాండ్ బృందం రకరకాల చెట్ల బెరడు మీద తిండి ఉంచి కొన్నాళ్ళ తర్వాత చూశారు. స్ప్రూస్, పైన్ బెరడు మీద పెట్టినవి మిగతా వాటికంటే బాగా నిలిచాయి. ఆ చెట్ల జిగురులో కుళ్ళును అణిచే గుణం ఏదో ఉండవచ్చునని వారి ఊహ.

మా నాన్నగారి రోజుల్లో మా స్ప్రూస్ చెట్టు వరికుప్ప. కోసిన పనలు మూడు నాలుగు రోజులు చేలోనే ఆరనిచ్చి, కట్టలు కట్టి, ఎత్తయిన గట్టుమీద కుప్ప వేసేవారు. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి. నెత్తిన గడ్డి గొడుగు. వాన ఎంత కురిసినా మొదళ్ళ మీదుగా జారి గట్టు దిగేది. గింజ నిదానంగా, నీడలో, తన గడ్డిలోనే ఆరేది. సంక్రాంతి వెళ్ళాక తీరిగ్గా నూర్చేవారు. కుప్పవేత ఒక విద్య. మా ఊళ్ళో అది తెలిసిన ఆఖరి మనిషి నాలుగేళ్ళ కిందట పోయాడు.

మళ్ళీ కుప్పలకు వెళ్ళిపోదామని చెప్పడం లేదు. కోతకు కూలీలు దొరకరు, దొరికినా ఆ ఖర్చు ఈ ధరలో ఇమడదు. కుప్పలు వేసిన తరం పడిన కష్టం చూసినవాణ్ణి, దాన్ని పాటలు పాడి పొగడలేను. కాకపోతే ఒకటి గమనించండి. యంత్రం వచ్చి కోతను మూడు గంటల పని చేసింది, కుప్పను తీసేసింది. కుప్ప చేసే పనిని ఎవరు చేయాలో మాత్రం ఎవరూ రాయలేదు. ఆ ఖాళీలోకి తారురోడ్డు వచ్చింది. రాత్రిపూట ఆ రాశుల మీదకు ఎక్కి మోటారుసైకిళ్ళు పడిపోవడం మీకు కొత్త వార్త కాదు.

అందుకని అడుగుతున్నాను. ఊరికొక ఎత్తయిన సిమెంటు కల్లం వేయించండి. వర్షాకాలం నీరు ఎక్కని చోట, కింద వాలు, పక్కన కాలువ, పైన రేకుల కప్పు కొంత మేరకైనా ఉండేలా. నాలుగైదు ఊళ్ళకు కలిపి ధాన్యం ఆరబెట్టే యంత్రం ఒకటి, కోతల నెలన్నరా ఊరూరా తిరిగేది పెట్టించండి. ఊక మిల్లుల్లో గుట్టలుగా ఉంది, దానితోనే వేడిగాలి పుట్టించవచ్చు. తేమ ఒక్కసారే, రైతు కళ్ళెదుట కొలవండి. ఆ అంకె కాగితంమీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి, మిల్లు గేటు దగ్గర అదే చెల్లాలి. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం పదిహేడును పట్టుకుని వేలాడకండి. పంతొమ్మిదైనా ఇరవై అయినా కొనేసి, ఎక్కువున్న తేమకు ఎంత తగ్గించాలో అందరికీ తెలిసేలా ముందే గోడమీద రాసిపెట్టండి. తగ్గింపు నాకు సమ్మతమే. అది లారీ దగ్గర, చీకట్లో, మిల్లరు నోటిమాటగా తేలడం మాత్రం సమ్మతం కాదు. తడిసిన ధాన్యం ఉప్పుడు బియ్యానికి పనికొస్తుందని మీకూ తెలుసు, మిల్లర్లకూ తెలుసు, మా దగ్గర మాత్రం తెలియనట్టే ఉంటారు. గోనెసంచుల గురించి ప్రత్యేకంగా రాయను. వాన వచ్చాక వచ్చే సంచి ఎందుకు పనికొస్తుందో మీరే చెప్పండి.

ఇవన్నీ డబ్బుతో పని అంటారు. నిజమే. 2011లో ఇదే కోనసీమలో రైతులు పంట విరామం ప్రకటించారు, సార్వా వేయకుండా చేలు బీడు పెట్టారు. అప్పుడు కమిటీలకు, పర్యటనలకు ఎంత ఖర్చయిందో మీ దగ్గర లెక్క ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ డెల్టాకు నీళ్ళు తేవడం గురించే ఆలోచించారు. పండిన గింజకు నీళ్ళు తగలకుండా చూడటం గురించి అందులో పదోవంతు ఆలోచించినా చాలు.

రైతులు కొందరు నామీద అలుగుతారు, పిట్టతో పోల్చావేమిటని. పోలిక అన్ని చోట్లా కుదరదు, ఒప్పుకుంటాను. గాదెపిట్ట తన కోసం దాచుకుంటుంది. మేము దాచేదీ ఆరబెట్టేదీ ఎవరి కంచాల కోసమో వేరే చెప్పనక్కర్లేదు. అదీ గాక, ఆ పిట్ట ధైర్యం మాకు లేదు. పరాయి మనిషి చేతిమీద వాలి తనకు కావలసింది ఏరుకుని వెళ్ళింది. నేను కేంద్రంలో మీటరు వైపు కూడా సూటిగా చూడలేకపోయాను.

మా ఊరి బడి వెనక పంచాయతీ స్థలం ఒకటి ఉంది. ఆ డిసెంబరులో వీధులన్నీ మునిగినా అక్కడ మడమ తడవలేదు. పొడవు నలభై రెండు గజాలు, వెడల్పు ముప్పై. టేపు పెట్టి నేనే కొలిచాను. సెలవులకు వచ్చిన మనవరాలు రెండో కొస పట్టుకుంది. నాలుగు మూలలా సరుగుడు కర్రలు పాతి, వాటికి పాత పంచె చింపి ఎర్రరంగు అద్ది కట్టాం, దూరం నుంచి కనబడాలని. మీలో ఎవరైనా చూడటానికి వస్తే బడి దగ్గర అడగండి, పిల్లలు చూపిస్తారు. కార్తీకానికి ముందే వస్తే మీతోపాటు వచ్చి అంతా తిప్పి చూపిస్తాను. కోతలు మొదలయ్యాక వస్తే రోడ్డుమీద ధాన్యం తిరగేస్తూ కనిపిస్తాను, అప్పుడు మాట్లాడే తీరిక ఉండదు.

ఇట్లు,
ఉప్పలగుప్తం మండలం నుంచి
ఒక వరి రైతు